గుంతలు వెతుక్కున్న లారీ

రికార్డు ఒకటి. షెడ్డు దగ్గర.

సరే, పీకారు. పీకినవాళ్లు పీకినట్టు ఊరుకోవచ్చుగా? నా కమాన్ కట్టల్ని నా కళ్ల ముందే తోపుడు బండి మీద వేసుకుని ఊరేగిస్తూ తీసుకుపోవాలా? ఇన్నేళ్లూ నా లారీ కింద కుదుపు కాసిన ఇనుప పట్టీలవి. లారీ బరువు, నీళ్ల బరువు, నా బరువు, మా ఆవిడ మాటల బరువు, అన్నీ కిమ్మనకుండా మోశాయి. కిమ్మనకుండా అంటే మరీ అబద్ధమనుకోండి. ఆ కిర్రుకిర్రు విని నేనొస్తున్నానని అవతలి ఊళ్లో పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లు.

సంఘంలో పన్నెండు లారీలుంటే చీటీలో నా పేరే రావాలా అని అడగను. వచ్చింది. ముందు ఒక లారీకి ఈ కొత్త సస్పెన్షన్ పెట్టించి, ఖర్చెంతో లాభమెంతో ఆ డ్రైవరు లారీ చెవిలో చెప్తే, మిగిలిన పదకొండుమందీ విని నిర్ణయించుకోవాలని మీరే తీర్మానించారు. చెవి అంటే స్టీరింగ్ పక్కన ఉన్న ఈ రికార్డు డబ్బా. కాబట్టి వినండి. నేను నాంచారయ్యని. ఏడో నంబరు లారీ.

ముందు ఖర్చు చెప్తాను. లాభం గురించి మెహరున్ ఎలాగూ చెప్తూనే ఉంటుంది. మెహరున్ ఈ షెడ్డు ఇంజనీరు. ముప్పై దాటని పిల్ల, మాట మాత్రం అరవై దాటింది.

ఖర్చు ఒకటి, లారీ మీది ఆరు చేపపిల్లల తొట్లలో ఒక తొట్టి దించెయ్యాలి. కొత్త సస్పెన్షన్ కాళ్లు అంత బరువు. రెండు, బ్యాటరీలో మూడో వంతు ఆ కాళ్లే తాగేస్తాయి. మూడు, తీసిన కమాన్లు వెనక్కివ్వరు, వాటి ఇనుము షెడ్డుకే. నాలుగోది నా మనసు. దానికి సంఘం లెక్కల్లో చోటు లేదని తెలుసు.

"బాబాయ్, చక్రానికో కాలు పెట్టాం," అంది మెహరున్, లారీ కింద నుంచే. "లోపల అయస్కాంతాలు. గుంత వచ్చేలోపే కాలు చాపుతుంది, రాయి వస్తే ముడుచుకుంటుంది. కింద ఏం జరిగిందో పైన తొట్టికి తెలియదు."

"మా ఇంట్లో నా సంగతీ అంతే. కింద నేనేం పడుతున్నానో పైన ఎవరికీ తెలియదు."

"ఇంకోటి. గుంతలో పడి లేచినప్పుడల్లా ఆ అయస్కాంతం కాస్త చార్జి బ్యాటరీకి తిరిగిస్తుంది."

"కాస్తంటే?"

"కాస్తే బాబాయ్."

కాస్త అన్నదాన్ని నేను లాభంలో వెయ్యను. పక్కన పెట్టాను.

అసలు సంగతి మీకు తెలిసిందే అయినా చెవి కోసం చెప్తున్నా. సముద్రం మీద ఒలికిన చమురు తినడానికి తారుపురుగుని పెంచారు. అప్పజెప్పిన పనికంటే ఎక్కువ చేసిన ఉద్యోగి ఈ దేశంలో అదొక్కటే. చమురు అయ్యాక ఒడ్డెక్కి రోడ్ల మీద తారంతా తింది. రబ్బరు తింది. తొట్లలోకి గాలి ఊదే పంపులుండేవట, వాటి గొట్టాలూ తింది. ఇప్పుడు కొబ్బరి పీచూ ఇనుప తీగా కలిపి అల్లిన టైర్ల మీద, రాళ్లూ గుంతలే రోడ్డు అనుకుని తిరుగుతున్నాం. ఎగిరే డబ్బాలు మందులు మోస్తాయి, బియ్యం మోస్తాయి. నీళ్లతో సహా చేపపిల్లల్ని మోయమంటే వాటికి నడుము నొప్పి. అందుకే మనం.

కానీ మనం తీసుకెళ్లే నాలుగు పిల్లల్లో ఒకటి చచ్చే చేరుతోంది. పలకలకొండకైతే రెండుసార్లు తీసుకెళ్లాను, రెండుసార్లూ సగానికి సగం తెల్లగా తేలాయి. ఆ ఊరి పాత పలకల క్వారీ నిండా ఇప్పుడు వాన నీళ్లు. చేపలు పెంచుకుంటామని వాళ్ల ఆశ. ఊరి పెద్ద ఓబుళమ్మ వైర్‌లెస్‌లో తేల్చి చెప్పేసింది. ఈసారి పిల్లలు బతికి రాకపోతే ఆ క్వారీ నాచు కంపెనీ వాళ్లకి ఇచ్చేస్తారు. ఊరంతా నాచు పొడి చేసుకుని జన్మంతా అదే నాకాలి. మనకా దారీ పోతుంది.

కుదుపుకే చస్తున్నాయని మనందరి లెక్క. కుదుపు పోతే చావు పోతుంది. అందుకే కమాన్లు పోయాయి. చూద్దాం.

రికార్డు రెండు. ఖాళీ లారీతో.

అబ్బబ్బబ్బ! నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరైనా చెరిపేసే పద్ధతి ఉంటే చెరిపెయ్యండి.

గ్లాసు నిండా మజ్జిగ పోసి డాష్‌బోర్డు మీద పెట్టి, ఏనుగురాళ్ల దిగుడులో తోలాను. మన పదో నంబరు లారీ ముందు ఇరుసు విరిగిన చోటే. ఒక్క చుక్క ఒలకలేదు! కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే కింద చక్రాలు పిచ్చిపట్టినట్టు ఎగురుతున్నాయి, పైన నేను కల్యాణ మండపంలో కూర్చున్నట్టున్నాను. నడుము నాదేనా అని తడుముకుని చూసుకున్నాను.

పక్క సీట్లో మా ఆవిడ పెద్దింట్లు. హేచరీలో పిల్లల్ని వలల్లోంచి తొట్లలోకి ఎక్కించేదీ, అవతల దించేదీ ఆవిడే. లారీలో ఆవిడ కునుకు తియ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఈవేళ నోరు తెరుచుకుని నిద్రపోయింది.

లేపితే కళ్లు నులుముకుంటూ అడిగింది, "ఏటి మావా, ఇంకా బయల్దేరలేదా?"

"ఏనుగురాళ్లు దాటేశాం."

"సాల్లే, మజ్జిగలో ఏం కలుపుకున్నావు?"

చివరికి ఆవిడ కిందకి దిగి, వెనక్కి నడిచి, రాళ్లని చేత్తో ముట్టుకుని వచ్చింది. "రాళ్లే," అంది. లాభం మొదటిది రాసుకోండి. మా ఆవిడ ఒకదానికి ఒప్పుకుంది.

రికార్డు మూడు. హేచరీ గేటు.

ఎక్కించాం. మూడు తొట్లలో బొచ్చె పిల్లలు, రెండింటిలో శీలావతి పిల్లలు. వేలెడంత ఉన్నాయి ఒక్కోటి, వెండి మొలతాడు తుంపేసి పోసినట్టు. నిన్నటి నుంచి వాటికి మేత బంద్. కడుపు ఖాళీగా ఉంటే తొట్టి నీళ్లు పాడవవు. పెద్దింట్లుకి మాత్రం అవి పస్తున్నప్పుడు తనకీ ముద్ద దిగదు. నాకు దిగుతుంది. ఇంట్లో ఒకరైనా బలంగా ఉండాలి కదా.

మూతలన్నీ తెరిచే ఉంచాం, గాలి ఆడాలి కాబట్టి. రోగాలు వెంట రాకుండా గేటు దగ్గర సున్నపు నీళ్ల గుంటలో చక్రాలు ముంచాం. ఎప్పటిలాగే ఆపే చోట్లు కూడా అనుకున్నాం. చెవికి తెలియదేమో, మన లారీలకో ఆచారం ఉంది. బాగా కుదిపే దారి దాటాక నీడ చూసుకుని ఆపుతాం. హారన్ కొట్టం, గట్టిగా మాట్లాడం, తలుపు కూడా మెల్లగా వేస్తాం. పిల్లల నిద్ర అంటాం దాన్ని. కుదుపులకి బెదిరిన పిల్లలు కాసేపు కుదుటపడాలని. నేను దగ్గు కూడా చొక్కాలో దగ్గుతాను.

ఈసారి కుదుపే ఉండదు. దారంతా నిద్రే. ఓబుళమ్మగారూ, పెద్ద వల సిద్ధం చేసుకోండి, వస్తున్నాం!

రికార్డు నాలుగు. మధ్య దారిలో.

గంటసేపు పాట పాడుకుంటూ తోలాను. తర్వాత అద్దంలో చూస్తే తొట్టి అంచున నీళ్లు తళతళలాడుతున్నాయి. ఆపి ఎక్కి చూద్దునా, పిల్లలన్నీ పైకొచ్చి మూతులు బయటపెట్టి ఉన్నాయి. వందలు, వేలు, గుండ్రటి నోళ్లు తెరుస్తూ మూస్తూ.

"పెద్దింట్లూ, చూడవే, ఎంత సంతోషంగా ఉన్నాయో! నన్ను చూడ్డానికి వచ్చాయి!"

పెద్దింట్లు ఎక్కి చూసింది. నీళ్లలో చెయ్యి పెట్టింది. పళ్లెంలో పోసినట్టున్నాయి నీళ్లు, చిన్న అల లేదు. ఆవిడ వేళ్ల పక్కనుంచి ఒక బొచ్చె పిల్ల పక్కకి ఒరిగి, పొట్ట తెల్లగా చూపిస్తూ తేలింది. దాని వెనక ఇంకోటి.

"మావా, ఇవి నిన్ను సూడ్డానికి రాలేదు. ఊపిరాడక సచ్చిపోతన్నాయి."

"కుదపలేదే! ఒక్క కుదుపు లేదే!"

"నువ్వు ఆపినాక ఇంకా ఎక్కువైతన్నాయి, సూడు!"

నిజమే. ఆపినకొద్దీ తేలుతున్నాయి. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు, చేతుల్తో విసరడం మొదలుపెట్టాను, పెళ్లిలో విసనకర్ర మరిచిపోయినవాడిలా. పెద్దింట్లు చీర ఎగదోసుకుని నడుముకి బిగించింది. ఒక్క గెంతులో తొట్టిలో దిగింది. మొలలోతు నీళ్లలో నిలబడి కాళ్లతో తన్నడం మొదలుపెట్టింది. దబ్, దబ్, దబదబ, దబ్. నీళ్లు లేచి పడుతున్నాయి, తెల్లటి నురగ. చూస్తుండగానే ఆ తొట్టిలో మూతులు కిందకి దిగిపోయాయి. ఒరిగిన పిల్లల్లో కొన్ని నిటారుగా లేచి ఈదుకుంటూ పోయాయి!

"మా తాత సెప్పేవాడు," అంది రొప్పుతూ. "తారు రోడ్డు మీద లారీ నున్నగా పోయేదంట. నలుగురు మనుషులు తొట్లో నిలబడి దారంతా నీళ్లు కొడతా ఉండేవోరంట. పనిలేక ఎక్కినోళ్లు అనుకున్నాను. నువ్వేటి సూస్తా నిలబడ్డావ్, దిగు రెండో దాంట్లో!"

దిగాను. తన్నాను. తన్నుతూనే బుర్ర తిరిగిపోయింది.

గాలి కావాలని మనకి తెలుసు. మూత తెరిస్తే చాలనుకున్నాం. నీళ్లు లేచి పడితేనే గాలి లోపలికి పోతుందన్న సంగతి మనకి తట్టలేదు. ఎందుకు తడుతుంది? రోడ్డు పాడయ్యాక ఆ పని గుంతలే చేసి పెడుతున్నాయి, ఫ్రీగా. నాలుగింట ఒకటి చచ్చేది కుదుపుకి కాదు సంఘం సోదరులారా. మనం ఆపి, తలుపు మెల్లగా వేసి, చొక్కాలో దగ్గుతూ నిద్రపుచ్చామే, అక్కడ. పలకలకొండ దారిలో నిద్రలు ఎక్కువ, చావులూ ఎక్కువ.

ఆ పిల్లల్ని బతికిస్తున్న కుదుపుని నేను కమాన్లతో పాటు షెడ్డులో ఇచ్చేసి వచ్చాను.

రికార్డు ఐదు. అక్కడినుంచి కాస్త ముందుకొచ్చాక.

ఐదు తొట్లు, మా ఇద్దరికీ కలిపి నాలుగు కాళ్లు. ఎంతసేపు తన్నగలం? పైగా నేను తోలాలి. సరే, గుంతల్లో తోలుదామనుకున్నాను. జీవితంలో మొదటిసారి గుంత కోసం వెతికాను. పక్కకి దింపాను. బండల మీద ఎక్కించాను. ఎండిన కాలవలో అడ్డంగా తోలాను. ఏదీ? ఎంత పెద్ద గుంత చూపించినా ఆ కాళ్లు గుటుక్కున మింగి మూతి తుడుచుకుంటున్నాయి. పైన నీళ్లు కదలవు. వెనక పెద్దింట్లు ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి దూకుతూ నన్నూ, షెడ్డునీ, అయస్కాంతాన్ని కనిపెట్టినవాణ్ణీ కలిపి తిడుతోంది.

వైర్‌లెస్ అందుకున్నాను. "మెహరున్! అమ్మా! నీ సస్పెన్షన్ పాడుచెయ్యాలి. ఎలా?"

"బాబాయ్, ఎండ తగిలిందా?"

చెప్పాను. మొత్తం. ఆ పిల్ల నవ్వలేదు, నన్ను తిట్టలేదు. "అయ్యో, నీళ్లకి ఊపిరి సంగతి నేనూ ఆలోచించలేదు," అని, వెంటనే, "కాళ్లు ముడవగలిగితే తన్ననూ గలవు. ఉండండి, ఇక్కడినుంచే మారుస్తా," అంది.

మార్చింది. లారీ మేకపిల్లలా గెంతింది. నా తల కప్పుకి తగిలింది. వెనకనుంచి కేక.

"నన్ను పాతిపెడదామనా మావా!"

"తగ్గించమ్మా, తగ్గించు!"

తగ్గిస్తే లారీ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. నీళ్లు బుడబుడలాడాయిగానీ లేవలేదు. మళ్లీ పెంచితే ఒక పక్కకే ఊగింది. ఎంత, ఎలా కుదిపితే నీళ్లు లేచి పడతాయో ఆ పిల్లకీ తెలియదు, నాకూ తెలియదు. ఇన్నేళ్లూ గుంతలకి తెలుసు, అవి చెప్పవు.

అప్పుడు మెహరున్ అంది, "బాబాయ్, తొట్టిలో ఏదో కొడుతోంది. ఇక్కడ నా తెర మీద కాళ్లకి తెలుస్తోంది. దబ్, దబ్, దబదబ, దబ్. ఏంటది?"

"మీ పిన్ని."

"పిన్నిని ఆపొద్దనండి! ఇంకాసేపు అలాగే కొట్టమనండి. బరువు ఎటు పోతోందో లారీ పట్టుకుంటోంది. అదే నేర్పిద్దాం."

తల బయటపెట్టి అరిచాను. "పెద్దింట్లూ! లారీకి పాఠం చెప్తున్నావంట, ఆపకు!"

"నీకు సెప్పి సెప్పి అలవాటైందిలే!"

పెద్దింట్లు తొట్టి మధ్యలో నిలబడి, అంచులు రెండు చేతుల్తో పట్టుకుని, తన లెక్కలో తను తన్నింది. కాసేపటికి నా సీటు కింద ఏదో కదిలింది. మెల్లగా. దబ్. ఆగింది. దబ్, దబదబ, దబ్. ఎడమ కాలు ముందు, తర్వాత కుడి, అచ్చం ఆవిడ అడుగే. కాస్త కుడివైపు ఒరిగే ఆ వాలకంతో సహా! అయిదు తొట్లలోనూ నీళ్లు ఒకేసారి లేచి ఒకేసారి పడ్డాయి. పెద్దింట్లు కాళ్లు ఆపేసింది. లారీ ఆపలేదు.

పెళ్లై ఇన్నేళ్లలో నేను ఆవిడ అడుగులో అడుగు వెయ్యలేకపోయాను. లారీ ఒక్క పూటలో నేర్చేసుకుంది.

మూతులన్నీ కిందకి దిగిపోయాయి. నేను ఈల వేశాను. ఒప్పుకుంటున్నాను, కాస్త ఏడ్చాను కూడా. ఆ శబ్దం లారీ చప్పుడులో కలిసిపోయి ఉంటుంది.

రికార్డు ఆరు. పిల్లవాగు ఒడ్డు.

వాగు పొంగింది. పైన ఎక్కడో వాన. ఒడ్డున రాతిస్తంభం మీద తెల్లగీత నీళ్లలో మునిగిపోయి ఉంది. అది బయటపడితేగానీ దిగకూడదు. పోయిన రెండుసార్లూ ఇక్కడే నిద్రపుచ్చాను.

ఈసారి లారీ ఒడ్డున నిలబడి చిందులు వేస్తోంది. చక్రాలు నేల మీదే, పై ఒళ్లంతా ఊగుతోంది. నీళ్లు తొణికి మట్టిలో పడుతుంటే రెండు కొంగలు వచ్చి కింద కాపలా కాస్తున్నాయి.

కానీ ఖర్చు చెప్పకపోతే అన్యాయం. నిలబడి చిందులేస్తుంటే డాష్‌బోర్డు మీద బ్యాటరీ పచ్చగీతలు ఒక్కోటీ ఆరిపోతున్నాయి. వాగు దాటాక కొండ ఎక్కాలి. చిందులు ఆపితే పిల్లలు పోతాయి. ఆపకపోతే కొండ కింద ఆగిపోతాం, అప్పుడూ పిల్లలు పోతాయి.

"కాసేపు అది తన్నుద్ది, కాసేపు మనం తందాం," అంది పెద్దింట్లు. అంతే. వంతులు. మా వంతులో చూసిన గొర్రెలాయన ఒకడు, భార్యాభర్తలిద్దరూ తొట్లలో కాళ్లు కడుక్కుంటున్నారనుకుని, "ఆ నీళ్లు తర్వాత పారబోస్తారా అన్నా?" అని అడిగాడు.

తెల్లగీత బయటపడేసరికి రెండు పచ్చగీతలు మిగిలాయి. కొండకి మూడు కావాలి. అప్పుడు గుర్తొచ్చింది, నేను లెక్కలోంచి పక్కన పెట్టిన ఆ "కాస్త".

"మెహరున్, ఆ తిరిగొచ్చే చార్జి ఎంత పెద్ద గుంతకి ఎంత?"

"గుంత పెద్దదైతే ఎక్కువే బాబాయ్. ఎందుకు?"

పలకలకొండకి రెండు దార్లు. ఒకటి ఊరివాళ్లు మొరం పోసి చదును చేసిన మంచి దారి. రెండోది పాత క్వారీ బండ్ల దారి, విరిగిన పలకలు, రాళ్లు, మోకాటి లోతు గాడులు. దేవుడు కూడా నడిచే వెళ్తాడు అటు.

అటే తిప్పాను.

రికార్డు ఏడు. పలకలకొండ క్వారీ అంచు.

చేరాం! పచ్చగీత ఒకటి ఇంకా వెలుగుతూనే ఉంది! ఆ దరిద్రపు దారి ఎంత దరిద్రంగా ఉందంటే, ప్రతి గాడిలో పడినప్పుడల్లా బ్యాటరీ ఒక గుటక మింగింది. మలుపు తిరిగేసరికి ఆరిపోతుందనుకున్న గీత మళ్లీ నిండిపోయింది. మధ్యమధ్య లారీ తన చిందులు తను వేస్తూనే ఉంది. ఎవరు చెడ్డ రోడ్డని తిట్టినా ఇకనుంచి నా దగ్గర కాదు.

ఓబుళమ్మ గట్టు మీద నిలబడి ఉంది. పక్కన ఊళ్లోవాళ్లు, వాళ్ల మొహాల్లో పోయినసారి చూసిన తెల్లటి చేపలే కనిపిస్తున్నాయి. లారీ ఆగింది. మోటారు ఆపాను. లారీ మాత్రం దబ్, దబ్, దబదబ, దబ్.

"ఏంది నాయనా ఇది," అంది ఓబుళమ్మ, రెండడుగులు వెనక్కేసి. "నీ లారీకి పూనకమొచ్చిందా?"

"మా ఆవిడ పూనిందమ్మా."

ఆవిడ నవ్వలేదు. నిచ్చెన ఎక్కి తొట్టిలోకి తొంగి చూసింది. చాలాసేపు చూసింది. నాచు పొడి రుచి నా నాలుక మీద తెలిసింది.

"చచ్చినవి యాడుండాయి?"

పెద్దింట్లు చిన్న గిన్నె చూపించింది. అడుగున గుప్పెడు. మధ్యదారిలో పోయినవే. ఓబుళమ్మ ఆ గిన్నె చూసింది, తొట్టి చూసింది, చెయ్యి నీళ్లలో పెట్టింది. పిల్లలు చటుక్కున చెదిరిపోయాయి, వేళ్ల మధ్యనుంచి. ఆవిడ అదిరి చెయ్యి తీసేసి, మళ్లీ పెట్టింది. ఈసారి నవ్వింది.

"బతికుండాయే! రేయ్, నాచోళ్లకి వైర్‌లెస్ చెయ్యండి, రావొద్దని!"

ఇప్పుడు క్వారీ నీళ్లు బిందెలతో తొట్లలో కలుపుతున్నారు. ఆ నీళ్ల చల్లదనం పిల్లలకి అలవాటవ్వాలి, తర్వాత తూము తీస్తాం. ఈ ఖాళీలో మీకు తీర్పు చెప్పేస్తాను.

ఖర్చులో ఒక తొట్టి పోయింది, నిజం. కానీ ఇదివరకు ఆరు తొట్లు తెచ్చి మూడు పారబోశాను, ఇప్పుడు అయిదు తెచ్చి అయిదూ దించుతున్నాను. బ్యాటరీ తాగుతుంది, నిజం. చెడ్డదారిన తోలండి, తాగింది కక్కుతుంది. మంచి దారి కనిపిస్తే జాగ్రత్త. కమాన్లు ఇచ్చెయ్యండి. నావాటిలో ఒక పట్టీ మాత్రం దాచిపెట్టమని మెహరున్‌ని అడిగాను, ఇంటి గడపకి వేసుకుంటాను. కుదుపు తగ్గుతుందని పెట్టించుకోకండి, కుదుపు మన చేతిలో ఉంటుందని పెట్టించుకోండి. పిల్లల నిద్ర అనే ఆచారం ఈవేళ్టితో బంద్. గట్టిగా మాట్లాడుకోండి, తలుపులు ధడాలున వెయ్యండి, నేను తనివితీరా దగ్గుతాను.

ఇంకోటుంది. మెహరున్ ఆ అడుగుని మిగిలిన పదకొండు లారీల్లోకీ ఎక్కిస్తానంటోంది. అంటే ఇక ఈ కొండల్లో ఏ మలుపులో ఏ లారీ ఎదురైనా మా ఆవిడ నడకే. మీరందరూ దాని మీద కూర్చుని తిరుగుతారు, తిరగండి, నాకేం అభ్యంతరం లేదు. పెద్దింట్లుకి ఇంకా చెప్పలేదు. చెప్తే ఏమంటుందోనని కాదు, ఆ అడుగు ఎవరిదని ఎవరైనా అడిగితే మీరు మాత్రం చెప్పాల్సింది ఏంటంటే

"మావా! ఎవరితో ముచ్చట్లు? తూము తియ్యి, ఒక పిల్ల అప్పుడే తొట్టి గోడ దూకి క్వారీ నీళ్లల్లో పడింది!"

వస్తున్నా, వస్తున్నా! ఎటు పోయింది, చూశావా? ఇదిగో సంఘం, ఒక్క మాట, ఆ అడుగు పేరు పెద్దింట్లు